ఆమెన్ అంటేనే అన్నం

మా అబ్బాయి పోయాడని ఫోను వచ్చినప్పుడు, ఆ చెప్పే మనిషిని నేను కసిరాను. "చాల్లే ఆపరా, టిఫిను తిన్నావా?" అన్నాను.

చదివేవాళ్ళకి వింతగా ఉంటుంది. మా అబ్బాయి నాకు ఎప్పుడోగానీ వాడి సొంత గొంతుతో ఫోను చెయ్యలేదు. ఒకరోజు బ్యాంకు మేనేజరు, ఒకరోజు కరెంటాఫీసు, ఒకరోజు మా పాస్టరుగారు. పక్కవాళ్ళ ఫోను అడిగి తీసుకుని కూడా చేసేవాడు. నేను నిజమనుకుని "చెప్పండయ్యగారూ" అని లేచి నిలబడితే, అవతల కిసకిస నవ్వేవాడు. అందుకని ఆ పొద్దున నేను ఆవకాయకి కాయలు తుడుస్తూ ఉండగా, ఎవరో అబ్బాయి "అమ్మా, నేను సీరియల్ మేనేజర్ని అండి, అన్నకి మేకప్ రూములో గుండెపోటు వచ్చిందండి, హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే..." అంటుంటే, ఈసారి ఏడుపు బాగా నేర్చాడే అనుకున్నాను.

"అమ్మా, నేను అన్నని కాదండి" అన్నాడు ఆ పిల్లాడు. రెండుసార్లు అన్నాడు. నేను అప్పటికీ నమ్మలేదు. ఇంతలో వాడి వెనక ఎవరో ఆడమనిషి ఏడుస్తున్నది వినపడింది. మా అబ్బాయి ఎన్ని గొంతులైనా చేస్తాడు గానీ రెండు గొంతులు ఒకేసారి చెయ్యలేడు. అప్పుడు తెలిసింది నాకు.

వాడికి ముప్పై ఆరేళ్ళు.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ వచ్చిన నాలుగు అక్షరాలూ బైబిలు చూసి దిద్దుకున్నవే. వాడితోపాటు స్టేజీ మీద కామెడీ చెప్పే అమ్మాయి ఒకామె ఉంది. వాడి గురించి తెలిసినవాళ్ళు రాసినవన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తున్నాం, మీరూ రాయండమ్మా, తప్పులుంటే దిద్దుకుంటాం అంది. దిద్దండి గానీ ఏదీ తీసెయ్యొద్దమ్మా అన్నాను. నేను చెప్పాల్సింది ఒకటుంది. అది తీసేస్తే మిగతాదంతా దండగ.

వాళ్ళ నాన్న పోయేనాటికి వాడు ఏడేళ్ళవాడు, చెల్లెలికి నాలుగు. నేను తిరువూరు నుంచి ఆటోలో వినగడప దాకా మిరపకోతలకీ పత్తితీతకీ పోయి పొద్దుగూకి వచ్చేదాన్ని. వచ్చేసరికి వాడి మీద పితూరీలు సిద్ధంగా ఉండేవి. కొడదామంటే చేతులు మిరపకాయలు కోసిన చేతులు. ఎంత కడిగినా ఘాటు పోదు. ఆ చేతులతో పిల్లల ఒంటి మీద ఒక్కటేస్తే రాత్రంతా మంటలని ఏడుస్తారు. ఒకసారి అలాగే అయింది. అప్పటినుంచి నేను వాణ్ణి కొట్టలేదు. దేవుడికి చెప్పేదాన్ని.

అన్నాలు వడ్డించి, కళ్ళు మూసుకుని, వాడు వినేటట్టు పైకే చెప్పేదాన్ని. "ప్రభువా, మావాడు ఇవాళ బడి ఎగ్గొట్టి బస్టాండులో కూర్చున్నాడు, నీకు తెలియంది కాదు. లెక్కల్లో పదకొండు మార్కులొచ్చినయ్యి. పక్కింటి మామ్మగారి గొంతు పెట్టి ఆవిడ కోడల్ని పిలిచాడు. ఆ పిల్ల పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తింది. పాలన్నీ పొంగిపోయినయ్యి. వీడికి మంచి బుద్ధి దయచెయ్యి తండ్రీ." ఇలా ఆ రోజుదంతా అయిపోయేదాకా చెప్పేదాన్ని.

కళ్ళు మూసుకున్న మనిషికి ఎదురు చెప్పకూడదు గదా. చివర్లో వాడు ఆమెన్ అనాలి. ఆమెన్ అంటేనే అన్నం. ఆమెన్ అంటే అలాగే జరుగును గాక అని. నేను పెట్టిన చీవాట్లకి వాడే సంతకం పెట్టినట్టన్నమాట. ఆ ప్రార్థన జరిగినంతసేపూ వాడు ఒక కన్ను మూసుకుని ఒక కన్ను తెరిచి నా మొహంలోకి చూస్తూ ఉండేవాడట. చెల్లెలు చెప్పేది. నేను ఎన్నడూ చూడలేదు, నా కళ్ళు రెండూ మూసుకునే ఉండేవి.

మా చర్చిలో ఆదివారం పూట సాక్ష్యాలు చెబుతారు. ఆ వారంలో దేవుడు తనకి చేసిన మేలు నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడం. వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకసారి చెయ్యెత్తి లేచాడు. వాడు మైకు దగ్గరికి పోయి, "ప్రభువు నామమున అందరికీ వందనాలండి. ఈ వారం దేవుడు నన్ను గొప్ప అపాయం నుంచి తప్పించాడు. లెక్కల పేపర్లు ఇచ్చే రోజున మా సారుకి జ్వరమొచ్చింది. సారు కోసం మీరందరూ ప్రార్థన చెయ్యండి. మెల్లగా తగ్గాలని" అన్నాడు.

చర్చి చర్చంతా నవ్వింది. పాస్టరు అయ్యగారు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నేను తలొంచుకున్నాను. ఆ రాత్రి ప్రార్థనలో అది కూడా చెప్పాను దేవుడికి. కానీ చెబుతుంటే నాకే నవ్వొచ్చి, ఆమెన్ నేనే ముందు అనేశాను.

డిగ్రీ అయ్యాక విజయవాడలో సెల్‌ఫోన్ల కొట్టులో చేరాడు. అక్కణ్ణుంచి హైదరాబాదు పోయాడు. ఏం చేస్తున్నావురా అంటే "స్టాండప్ చేస్తున్నానమ్మా" అన్నాడు. అంటే ఏంటి అంటే "నిలబడి చేస్తామమ్మా, అంతే" అన్నాడు, ఎవరో పిలుస్తుంటే తొందరలో. నిలబడి చేసే ఉద్యోగమంటే సెక్యూరిటీ అనుకున్నాను. అదే అందరికీ చెప్పాను. పాపం రోజంతా నిలబడాలంట అని నెలరోజులపాటు మా చర్చిలో వాడి కాళ్ళ కోసం ప్రార్థన చేశారు. ఆ సంగతి తెలిసి వాడు ఫోనులో నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. అప్పుడు విడమరిచి చెప్పాడు.

"సాక్ష్యం లాంటిదేనమ్మా. ఒక్కడే నిలబడి, మైకు పట్టుకుని, తనకి జరిగింది చెప్పుకోవడం. ఆమెన్ బదులు నవ్వుతారు."

"నవ్వకపోతే?"

"నవ్వకపోతే వాళ్ళ తప్పు కాదు. మనం తొందరపడ్డామని. కాస్త ఆగాలి."

ఇంకో మాట కూడా చెప్పేవాడు. "ముందు వరసని చూడకూడదమ్మా, వాళ్ళు మొహమాటానికి నవ్వుతారు. చివరాఖర్న టీలు పట్టుకొచ్చే మనిషి ఉంటాడు చూడు, ఆయనకి మన గోల పట్టదు. ఆయన పళ్ళెం పట్టుకుని ఆగిపోయాడంటే, అప్పుడు పండినట్టు."

ఒకసారి విజయవాడలో ప్రోగ్రాం పెట్టుకుని నన్ను తీసుకుపోయాడు. కాఫీ కొట్టు మీద మేడ మీద గది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టాడు. వాడు వచ్చి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, "ప్రభువా..." అన్నాడు. అది నా గొంతు. నా గొంతు అలా ఉంటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. పదకొండు మార్కులు, పొంగిన పాలు, బస్టాండు, అన్నీ చెప్పాడు. "మా అమ్మ నన్నెప్పుడూ తిట్టలేదండి. దేవుడికి చెప్పేది, నేను వినేట్టు" అన్నాడు. జనం విరగబడి నవ్వుతున్నారు. "ఇంతా అయ్యేసరికి ప్లేట్లో పప్పుచారు గడ్డకట్టేదండి. అప్పుడు మా అమ్మ ఆఖరి మాట" అని ఆగి, ఇంకా ఆగి, "ఈ వేడి వేడి ఆహారం కొరకు నీకు స్తోత్రం తండ్రీ" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు బాధ కలగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నేనూ నవ్వాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

"పప్పుచారు గడ్డకట్టదురా, చల్లారుతుంది. గడ్డకట్టేది ముద్దపప్పు" అన్నాను.

జేబులోంచి టికెట్టు తీసి, దాని వెనక ముద్దపప్పు అని రాసుకున్నాడు. తర్వాతి ప్రోగ్రాం నుంచి అలాగే చెప్పాడట.

బాధ ఊళ్ళోకి వచ్చాక మొదలైంది. ఆ ప్రోగ్రాం ఎవరో వీడియో తీశారు. అది ఫోనుల్లో తిరిగి తిరిగి తిరువూరు వచ్చింది. మా చర్చి స్త్రీల ప్రార్థన కూడికలో నేను కళ్ళు మూసుకుని "ప్రభువా" అంటే చాలు, ఒక మూలనుంచి కిసుక్కుమని వినపడేది. ఒకామె పైకే అనేసింది, "వదినా, కాస్త త్వరగా కానియ్యి, ఉప్మా గడ్డకడుతుంది" అని. అందరూ నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, సరదాకే అన్నారు. కానీ నాకు ఉన్నది అదొక్కటే. చదువు లేదు, నలుగురిలో నోరెత్తే ధైర్యం లేదు. కళ్ళు మూసుకుంటేనే నాకు మాట వచ్చేది. అది కూడా పోయింది. పైకి ప్రార్థన చెయ్యడం మానేశాను.

ఆ క్రిస్మస్‌కి వాడు వచ్చాడు. సంతోషంగా ఉన్నాడు. వాడి వీడియో ఎవరెవరో పెద్దవాళ్ళు చూశారని చెబుతున్నాడు. అన్నాలు వడ్డించాను. చాన్నాళ్ళకి గొంతెత్తి ప్రార్థన చేశాను.

"ప్రభువా, కన్నతల్లి ప్రార్థనని సంతలో పెట్టే నోటికి నువ్వే కాపలా పెట్టు. ఇక నా మాట వాడి నోట రానియ్యకు."

చెల్లెలు ఆమెన్ అంది. వాడు అనలేదు. నేను కళ్ళు తెరవలేదు. ఫ్యాను చప్పుడు వినపడుతూ ఉంది. వాడికి ఆకలిగా ఉందని నాకు తెలుసు, హైదరాబాదు నుంచి ఏమీ తినకుండా వచ్చాడు. అయినా కళ్ళు తెరవలేదు. చాలాసేపటికి "ఆమెన్" అన్నాడు. ఎవరి గొంతూ పెట్టకుండా అన్నాడు. వాడి సొంత గొంతు అంత చిన్నదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత వాడు మళ్ళీ నా ప్రార్థన స్టేజీ మీద చెప్పలేదు. చెప్పడం లేదని నాతో కూడా అనలేదు. వాడి ప్రోగ్రాంలో సగం అదేనట. అది తీసేస్తే ఇంకేమీ సరిగ్గా నిలబడలేదట. జనం "అమ్మ ప్రార్థన చెప్పన్నా" అని అరిచేవాళ్ళట. "అమ్మకి మాటిచ్చాను బ్రదర్" అనేవాడట. పిలిచేవాళ్ళు తగ్గారు. సీరియళ్ళలో చిన్న చిన్న వేషాలకి పోయాడు. ఇవన్నీ పుస్తకం వేస్తున్న ఆ స్టేజీ అమ్మాయి ఇప్పుడు చెబితే తెలిశాయి. అప్పట్లో నేను, టీవీలోకి వచ్చాడంటే పెద్దవాడయ్యాడనే అనుకున్నాను. వీధంతా చెప్పాను.

గుమాస్తా వేషం వేశాడు, డ్రైవరు వేశాడు, ఇనస్పెక్టరు పక్కన నిలబడే పోలీసు వేశాడు. చివరికి ఒక సీరియల్లో హీరోయిన్‌కి బాబాయి వేషం వచ్చింది. అదే పెద్దది. అందులో వాడు ఆ పిల్లకి రావలసిన ఉత్తరం ఒకటి జేబులో దాచేస్తాడు. ఆ ఉత్తరం అందితే ఆ పిల్ల కష్టాలు తీరిపోతాయి. తిరువూరంతా నన్ను నిలదీసింది. కూరగాయల కొట్టామె నాకు కొసరు కరివేపాకు వెయ్యడం మానేసింది.

"ఏమ్మా, మీవాడు ఆ పిల్ల ఉత్తరం ఎన్నాళ్ళు దాస్తాడు? ఉసురు తగులుద్ది. ఇచ్చెయ్యమని చెప్పరాదా?" అంది.

నేను ఇంటికొచ్చి ఫోను చేశాను. "ఇచ్చెయ్యరాదురా, ఆ పిల్ల ఏడుస్తుంటే చూడలేకపోతున్నాం."

"డైరెక్టరుగారు ఇమ్మంటే ఇస్తానమ్మా. అయినా ఆ ఉత్తరం నా జేబులో ఉన్నన్నాళ్ళే నాకు పని. ఇచ్చేశానంటే మర్నాటినుంచి ఇంట్లో కూర్చోవాలి. నువ్వు ప్రార్థన..." అని ఆగిపోయాడు. "ఏదోలే. కొసరు మాత్రం అడిగి వేయించుకో" అన్నాడు.

ఊరికొస్తే తిన్నగా ఇంటికి వచ్చేవాడు కాదు. బస్సు దిగి, బస్టాండులో అరగంట కూర్చునేవాడు. పక్కన నెమలి ఊళ్ళో గుడికి పోయే పెళ్ళివాళ్ళ గోల, చిల్లర కోసం కండక్టరుతో పోట్లాడేవాళ్ళు, అందరినీ వింటూ. "చెవులు కడుక్కుని వస్తానమ్మా" అనేవాడు. పెళ్ళి ఊసెత్తితే, "నన్ను చూసి నవ్వే పిల్ల దొరికిందమ్మా, కాకపోతే నేను జోకు చెప్పకముందే నవ్వింది" అని దాటేసేవాడు.

వాడు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అన్నం ముందు నేను మనసులోనే ప్రార్థన చేసుకునేదాన్ని. నిమిషంలో అయిపోయేది. పొగలు కక్కే అన్నం తినేవాళ్ళం. ఒకసారి వాడు ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంత వేడన్నం తినడం నాకు అలవాటు లేదమ్మా, నోరు కాలుతుంది" అన్నాడు. నా మొహంలోకి చూసి అన్నాడు. నేను విసనకర్ర తెచ్చి అన్నానికి విసిరాను. అయ్యో, ఇప్పుడు గదా తెలుస్తుంది ఆ పిల్లాడు ఏం అడిగాడో.

వాణ్ణి తిరువూరు తీసుకొచ్చి సమాధుల తోటలో వాళ్ళ నాన్న పక్కన పెట్టాం. నాలుగు రోజులకి కూరగాయల కొట్టామె వచ్చి నా చేతులు పట్టుకుంది. "నిన్న సీరియల్లో ఆ పిల్ల బాబాయి ఏడీ అని అడిగితే, ఊరెళ్ళాడు అన్నారమ్మా. అంతే అన్నారు" అని ఏడ్చింది.

"అవునమ్మా, వచ్చాడు" అన్నాను.

ఆ స్టేజీ అమ్మాయి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. నేను దాచుకోలేక ఆ క్రిస్మస్ సంగతి చెప్పాను. వాడి నోట మాట నేనే తీసేశాను తల్లీ అన్నాను. ఆ అమ్మాయి ఫోను తీసి వీడియో పెట్టింది. నిరుడు ఏదో చిన్న ప్రోగ్రాం. వాడు మైకు దగ్గరికి వచ్చాడు. చేతులు జోడించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక్క మాట లేదు. జనం చూస్తున్నారు. వాడు మెల్లగా ఒక కన్ను తెరిచి, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు భయంభయంగా చూసి, టక్కున మూసేశాడు. జనం గొల్లుమన్నారు. అప్పుడు కళ్ళు తెరిచి, "అందరికీ వందనాలండి" అని మొదలుపెట్టాడు.

"ఎప్పుడు ఎక్కినా ముందు ఇదే చేసేవాడమ్మా" అంది. "ఏంటన్నా అది అంటే చెప్పేవాడు కాదు. ఇప్పుడు తెలిసింది. మీ మాట నోట రానివ్వనని గదా ఆమెన్ అన్నాడు. మాట రానివ్వలేదు."

ఆ ఒక కన్ను నేను మొదటిసారి చూసింది ఫోనులో.

పదిరోజులకి జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ఇంటి ముందు షామియానా వేశాం. ఊళ్ళోవాళ్ళూ, హైదరాబాదునుంచి వాడి తోటివాళ్ళూ వచ్చారు. అయ్యగారు వాక్యం చెప్పారు. భోజనాలు వడ్డించారు. "ఆహారం కొరకు ఎవరైనా ప్రార్థన చెయ్యండి" అన్నారు అయ్యగారు.

"నేను చేస్తానయ్యగారూ" అన్నాను.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని వెళ్ళి మైకు తీసుకున్నాను. జన్మలో మైకు పట్టుకోవడం అదే. ఉప్మా మాట అన్న వదిన ముందు వరసలోనే ఉంది. కళ్ళు మూసుకున్నాను.

"ప్రభువా, మావాడు నీ దగ్గరికి వచ్చాడు, నీకు తెలియంది కాదు. వాణ్ణి ఒక కంట కనిపెట్టుకో. గబ్రియేలు దూత గొంతు పెట్టి ఎవరినన్నా పిలుస్తాడు, పలకొద్దని చెప్పు. పరలోకంలో లెక్కలు మాత్రం వాడికి అప్పజెప్పకు, పదకొండే వస్తాయి. బస్టాండు లాంటిదేమన్నా ఉంటే అక్కడ కూర్చోనియ్యి. తండ్రీ, ఒకనాడు ఎదురుగా అన్నం పెట్టి వాడి చేత ఒక ఆమెన్ అనిపించాను. ఆకలి మీద అన్నాడు. అది నువ్వు లెక్కలోకి తీసుకోవద్దు. నేను వెనక్కి తీసుకుంటున్నాను. నా గొంతూ నా ప్రార్థనా వాడివే. వాణ్ణి అక్కడ ఎవరి ముందు నిలబెట్టినా చెప్పుకోనియ్యి. వాళ్ళని నవ్వనియ్యి."

ఎవరూ నవ్వలేదు. వెక్కిళ్ళు వినపడుతున్నాయి. నవ్వకపోతే వాళ్ళ తప్పు కాదు, కాస్త ఆగాలి అనేవాడు గదా. ఆగాను. అప్పటికి ఎంతసేపైందో తెలియదు. విస్తళ్ళలో ముద్దపప్పు గడ్డకట్టే ఉంటుంది. ఇంకాస్త ఆగాను.

"ఈ వేడి వేడి ఆహారం కొరకు నీకు స్తోత్రం తండ్రీ" అన్నాను.

అని, నా బతుకులో మొదటిసారి, ప్రార్థన ముగియకముందే ఒక కన్ను తెరిచాను. ముందు వరసని చూడలేదు. చివరాఖర్న, షామియానా గుంజ పక్కన, పప్పుచారు బకెట్టు పట్టుకుని వస్తున్న మనిషి ఆగిపోయి ఉన్నాడు. నవ్వు ఆపుకోలేక భుజాలు అదురుతున్నాయి. చేతిలో గరిటె బకెట్టుకి కొట్టుకుని టకటకమంటుంది.